చెట్టు లేదని బంజరు అనేయొద్దు.. తీరంలో ఉప్పు చిత్తడి నేలకు చట్టం రక్షణ ఎంత?

కాకినాడ దగ్గర కోరింగకు వెళ్లిన ప్రతి ఒక్కరూ మడ అడవులతో సెల్ఫీ దిగుతారు. ఆ చెట్ల వెనకాల కాస్త మెరక మీద, ఉప్పు పొర తేలి, ఇలకూర లాంటి పొట్టి మొక్కలతో కనిపించే నేల వైపు మాత్రం ఎవరూ ఫోన్ తిప్పరు. అవే ఉప్పు చిత్తడి నేలలు. పెద్ద పోటు వచ్చినప్పుడు మునుగుతాయి, మిగతా రోజుల్లో ఎండుతాయి. ఉప్పు పండించే ఉప్పుమడులు వేరు, ఇవి వేరు. మడులు మనిషి కట్టుకున్నవి.

వీటితో మనకేం పని?

పోటు నీటితో పాటు రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు ఇక్కడికి వస్తాయి. లోతు తక్కువ కాబట్టి పెద్ద చేపల బెడద తక్కువ, మేత ఎక్కువ. కాస్త ఎదిగాక సముద్రం దారి పడతాయి. అంటే వలకు చిక్కే సరుకులో కొంత ఇక్కడ పెరిగిందే. ఇక మట్టి సంగతి. నీరు నిండిన బురదలోకి గాలి చొరబడదు, అందుకే ఆకూ అలమూ త్వరగా కుళ్లవు. వాటిలోని కార్బన్ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. గట్టు కట్టి ఆరబెడితే మళ్లీ గాల్లో కలుస్తుంది.

1977 దివిసీమ ఉప్పెన లాంటిదాన్ని ఈ పొట్టి మొక్కలు ఆపేస్తాయని చెప్పలేం. మామూలు అలల జోరు తగ్గించి, ఒడ్డు కోతను నెమ్మదింపజేయడం వరకూ వీటి పని.

చట్టంలో ఏముంది?

2019 జనవరి 18న కేంద్రం ఇచ్చిన సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ఉప్పు చిత్తడి నేలలను అత్యంత సున్నితమైన 1ఎ విభాగంలో పెట్టింది. మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలు ఉన్నదీ అందులోనే. తేడా ఒక్కటి. మడ అడవి 1,000 చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్ల బఫర్ వదలాలి. చిత్తడి నేలకు ఆ బఫర్ లేదు. అటవీ సర్వే నివేదికల్లో మడ అడవులకు ప్రత్యేక పట్టిక ఉంటుంది, వీటికి ఉండదు.

2020లో కాకినాడ శివారు దుమ్ములపేటలో ఇళ్ల స్థలాల కోసం మడ నేలను పూడ్చడంపై వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అక్కడ నరికిన చెట్లు కళ్లకు కనిపించాయి. చెట్టే లేని నేల మీద నాలుగు టిప్పర్ల మట్టి పోస్తే అడిగేదెవరు?

మంచి ఉద్దేశంతోనూ నష్టం జరగొచ్చు. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన మిష్టీ పథకం తీరం వెంట మడ మొక్కలు నాటమంటోంది. నాటాల్సిందే. కానీ ఖాళీగా కనిపించిన చిత్తడిలో నాటితే, అక్కడ మేత వెతుక్కునే వలస పక్షులకు చోటు పోతుంది.

తీరంలో స్థలం కొంటున్నారా?

రెవెన్యూ రికార్డులో పట్టా భూమి అని ఉన్నా సీఆర్‌జెడ్ నిబంధనలు వర్తిస్తాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందే సర్వే నంబరు పట్టుకుని, రాష్ట్ర తీర ప్రాంత నిర్వహణ అథారిటీ మ్యాపుల్లో ఆ భూమి ఏ విభాగంలో ఉందో చూసుకోండి. 1ఎ అని ఉంటే అక్కడ లేఅవుట్‌కు అనుమతి రాదు, అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే.