అరణ్యానికి నిష్క్రయం చెల్లునా?

గోదానానికి గోవు లభింపనప్పుడు తన్మూల్యాన్ని ద్రవ్యరూపంలో సమర్పించే నిష్క్రయ విధానం మన కర్మకాండలో సుపరిచితమే. కనుక అరణ్యం గ్రహించే బొగ్గుపులుసు వాయువుకు ధర కట్టడమే అధర్మమని అనజాలము. ఆ ధర ఏ కర్మకు బదులుగా నిలుస్తున్నదన్నదే విచారణీయం.

గోదావరి ఉత్తరవాహినియైన మన చెన్నూరులో ఇది దూరపు మాట కాదు. పొరుగున జైపూరులోని 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్కేంద్రం దహించే బొగ్గు సైతం ఒకనాటి అరణ్యమే. కోట్ల సంవత్సరాల క్రిందట భూగర్భంలో లీనమైన వృక్షసంపద. దాని పొగకు నేటి చెట్టును బదులుగా లెక్క వ్రాయడమే కార్బన్ వాణిజ్యం.

ఇక్కడికి వాయవ్యాన, జైనూరు మండలంలోని పవర్‌గూడ ఇందుకు తార్కాణం. 2003లో ఆ గూడెపు ఆదివాసీ స్త్రీల సంఘం, తాము నాటిన కానుగ చెట్ల వల్ల పదేళ్ళలో నివారింపబడే 147 టన్నుల వాయువుకుగాను ప్రపంచ బ్యాంకు నుండి 645 డాలర్లు స్వీకరించింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సు తాలూకు ఉద్గారాలకు అది పరిహారం. టన్నుకు నాలుగున్నర డాలర్ల లోపే! ఆ తల్లులకు ఆదాయం లభించడం సంతోషకరమే. కాని సదస్సు కొద్ది దినాలలో ముగిసింది. చెట్లను పోషించే భారం దశాబ్దం పాటు వారిదే అయింది.

అడవిని తొలగించేవారు చెల్లించవలసిన నికర ప్రస్తుత విలువను సర్వోన్నత న్యాయస్థానం 2008లో హెక్టారుకు 4.38 లక్షల నుండి 10.43 లక్షల రూపాయలుగా నిర్ణయించింది. ఉచితంగా నరకడం కంటె ఇది మేలే. అయితే ఆ ధనం ప్రభుత్వ నిధికి చేరుతుంది గాని, ఆ అడవిలో ఇప్పపూవు ఏరుకొని జీవించిన కుటుంబానికి నేరుగా చేరదు.

ధర్మశాస్త్రం ప్రాయశ్చిత్తానికి పశ్చాత్తాపాన్ని, ఆ పాపాన్ని మరల చేయనన్న సంకల్పాన్ని అంగములుగా విధించింది. ఈ రెండూ లోపించిన ద్రవ్యం మరింత పొగకు అనుమతిపత్రమే అవుతుంది. పైగా సర్వమూ ఈశ్వరునిదైనప్పుడు మనం అరణ్యానికి ధర్మకర్తలమే గాని యజమానులం కాము. ధర్మకర్త దేవుని మాన్యాన్ని విక్రయింపరాదు కదా!

కావున కార్బన్ ఒప్పందం ఏదైనా మన ఎదుటికి వచ్చినప్పుడు, కొన్నవాడు తన పొగను నిజంగా తగ్గించుకొన్నాడా అని మొదట అడగాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించిన గ్రామసభ అందుకు సమ్మతించిందా అని పిమ్మట అడగాలి. మన పూజామందిరంలోని విద్యుద్దీపం కూడా ఆ బొగ్గుతోనే వెలుగుతున్నది గనుక, మొదటి ప్రశ్న మనకూ వర్తిస్తుంది.