దుక్కి ఒకరిది, పాసుపుస్తకం ఒకరిది

ఈ వారం దోమపోటు గురించీ, ఎరువుల మోతాదు గురించీ కాకుండా ఒక సంతకం గురించి రాస్తున్నాను. చదివాక కొందరికి కోపం రావచ్చు. భూమి మక్తాకిచ్చిన వారికీ రావచ్చు, మక్తాకి చేసేవారికీ రావచ్చు. ముందు ఓపిగ్గా చదవండి, తిట్టడం తర్వాత.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన సార్వా వరి నేలకొరిగింది. కోసిన పనలు నీళ్లలో తేలాయి. ఆ వారం డెల్టా ఊళ్లలో తిరుగుతుంటే ఒక పెద్దాయన చేను గట్టు మీద మొలకెత్తిన కంకి పట్టుకుని కూర్చుని కనిపించాడు. మూడెకరాలు మక్తాకి చేస్తున్నాడు. ‘నష్టం రాసుకున్నారా బాబాయ్’ అని అడిగాను. ‘రాసుకున్నారండీ. ఆసామి పేరే రాసుకున్నారు. ఆయన హైదరాబాదులో ఉంటారు. తుపానొచ్చి చేను పోయిందని నేను ఫోను చేసి చెబితేనే ఆయనకి తెలిసింది’ అన్నాడు.

ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. చేను మునిగింది ఒకరిది, కాగితం మీద నష్టపోయింది ఇంకొకరు.

లెక్క వేసి చూడండి

దున్నేవాడు లెక్క చూస్తే నాగలి కూడా మిగలదని సామెత. అయినా ఒకసారి చూద్దాం. ఆ పెద్దాయన మక్తా ఎకరాకు ఏడాదికి 28 బస్తాలు. 75 కిలోల బస్తా. సార్వా బాగా పండితే ఆయన చేలో ఎకరాకు 30 బస్తాలు. అంటే సార్వా పంట దాదాపుగా మక్తాకే సరి. దాళ్వా పండితేనే ఇంట్లోకి నాలుగు గింజలు.

పెట్టుబడి ఎక్కడ్నుంచి తెస్తాడు? బ్యాంకులో పంట రుణం 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకి దొరుకుతుంది. గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. కానీ కాగితం లేనివాడు బ్యాంకు గుమ్మం ఎక్కలేడు. మందుల కొట్టులోనో, కమీషన్ వ్యాపారి దగ్గరో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. లక్ష రూపాయలకు ఆరు నెలల్లో బ్యాంకు వడ్డీ 2 వేలు. బయట వడ్డీ 12 వేలు. లక్షకు 10 వేలు తేడా, అదీ ఒక్క పంటకే! పైగా అప్పిచ్చినవాడు చెప్పిన ధరకే ధాన్యం తోలాలి. చేతిలో కాగితం లేకపోవడానికి కౌలు రైతు కడుతున్న జరిమానా ఇది.

చట్టాలు లేకనా?

చట్టాలకేం తక్కువ లేదు. 2011లో ఆంధ్రప్రదేశ్ భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇమ్మంది. దానికి ఆసామి సంతకం అక్కర్లేదు. మంచి చట్టమే. కానీ 2012లో మా అన్నయ్య ఆ కార్డు పట్టుకుని ఒక బ్యాంకుకి వెళితే, ‘ఈ సర్వే నంబరు మీద భూమి గలాయన ముందే రుణం తీసుకున్నాడు, మళ్లీ ఇవ్వం’ అని తిప్పి పంపారు. కార్డు ఇంట్లో రేషన్ కార్డు పక్కన ఉండిపోయింది.

తర్వాత 2019లో ఆంధ్రాలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. 11 నెలల పత్రం ఇస్తామన్నారు. అయితే దానికి ఆసామి సంతకం కావాలన్నారు. అక్కడే బండి దిగబడింది. సంతకం అడిగితే వచ్చే ఏడు చేను ఉండదేమోనని కౌలు రైతు భయం. అడగడు. అడిగినా ఆయన పెట్టడు.

డబ్బు ఇచ్చే పథకాలూ అంతే. తెలంగాణలో 2018 మేలో రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరాకు 4 వేలు, పట్టాదారుకే. అదే ఏడాది ఆగస్టు 15 నుంచి రైతుబీమా పెట్టారు. రైతు చనిపోతే ఇంటికి 5 లక్షలు, అదీ పట్టాదారు అయితేనే. కేంద్రం 2019లో ప్రారంభించిన పీఎం కిసాన్ ఏడాదికి 6 వేలు భూమి పేరున్నవారికే. ఆంధ్రాలో 2019 అక్టోబర్‌లో వచ్చిన రైతు భరోసాలో కౌలు రైతుకు చోటిచ్చారు. కానీ భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వారికే, అదీ ఆ సంతకం పత్రం ఉంటేనే. తెలంగాణలో 2023 ఎన్నికల ముందు కౌలు రైతుకూ ఎకరాకు ఏడాదికి 15 వేలన్నారు. 2025 జనవరిలో ఎకరాకు 12 వేల లెక్కన పథకం మొదలయ్యేసరికి అది మళ్లీ పట్టాదారు దగ్గరే ఆగింది.

ఇక్కడ ఏ జెండానూ వదలడం లేదు, ఏ జెండానూ పట్టుకోవడం లేదు. ఓటు అడిగేటప్పుడు అందరికీ కౌలు రైతు గుర్తొస్తాడు. కంప్యూటర్లో పేరు ఎక్కించేటప్పుడు మాత్రం అడంగల్‌లో ఎవరుంటే వారే రైతు.

ఆసామి భయం కూడా ఉంది

ఇంతవరకు కౌలు రైతు వైపే మాట్లాడాను. రెండో వైపూ చెప్పకపోతే తప్పు. మక్తాకిచ్చే వాళ్లంతా వందెకరాల దొరలు కారు. ఎకరం, ఎకరంన్నర ఉండి, పిల్లల చదువుకని పట్నం పోయి వాచ్‌మన్ పని చేసేవాళ్లున్నారు. భర్త పోయి, దున్నించుకోలేక మక్తాకిచ్చిన అక్కచెల్లెళ్లున్నారు. వాళ్లకీ ఆ మక్తా గింజలే ఆధారం. ‘సంతకం పెడితే భూమి పోతుందేమో’ అని వాళ్లకి దడ.

ఆ దడ ఊరికే రాలేదు. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లలో కొందరు భూమి హక్కుదార్లయ్యారు. ఆంధ్ర ప్రాంతంలో 1956 కౌలుదారీ చట్టం కౌలుదారుకు రక్షణ ఇచ్చింది. దానికి భయపడి ఆసాములు కాగితం మానేసి నోటిమాటకు దిగారు. తాతల నాటి ఆ భయం మనవళ్ల దాకా వచ్చింది. కానీ 2011 చట్టమైనా, 2019 చట్టమైనా కార్డు ఇచ్చింది పంటకే. భూమి మీద కౌలు రైతుకు ఏ హక్కూ ఇవ్వలేదు. ఈ ముక్క ఊళ్లో కూర్చోబెట్టి చెప్పిన అధికారి నాకైతే కనబడలేదు.

నా మాట ఇది

భూమి పేరుతో వచ్చే సాయం చిన్న ఆసామి దగ్గర్నుంచి లాక్కోమని నేను అనను. ఇద్దరు పేదవాళ్ల మధ్య తగవు పెట్టి సర్కారు చోద్యం చూడటం న్యాయం కాదు. కానీ మూడు విషయాల్లో మాత్రం వాటా లేదు: పంట నష్టపరిహారం, పంటల బీమా, ధాన్యం అమ్మిన డబ్బు. ఈ మూడూ చేలో పెట్టుబడి పెట్టి, దమ్ము చేసి, ఊడ్పించినవాడివి. అవి అతని ఖాతాలోనే పడాలి. దానికి ఆసామి సంతకం ఎందుకు? చేను ఎవరు చేస్తున్నారో పక్క చేను రైతుకు తెలుసు, నీరు పెట్టేవాడికి తెలుసు, ఊరందరికీ తెలుసు. గ్రామసభలో నలుగురి ముందు చదివి, అభ్యంతరం లేకపోతే పత్రం ఇచ్చేస్తే సరిపోతుంది.

సర్కారు చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కౌలు చేసే సోదరులారా, ఈ-పంట నమోదుకు వచ్చిన రోజున చేలో ఉండండి. సాగుదారుగా ఎవరి పేరు రాశారో అడిగి చూసుకోండి. చదవడం రాకపోతే బడికెళ్లే పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్లండి. విత్తనం, ఎరువు, మందు ఏది కొన్నా మీ పేరున బిల్లు రాయించుకుని దాచండి. మక్తా కొలిచినప్పుడు ఎన్ని బస్తాలు, ఏ తేదీన అన్నది చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి.

మక్తాకిచ్చిన సోదరులారా, మీకో మనవి. సంతకం పెడితే మీ భూమి ఎక్కడికీ పోదు. పెట్టకపోతే మాత్రం మీ చేను పచ్చగా ఉంచినవాడు వడ్డీల్లో మునిగి, ఒకరోజు చేను వదిలేసి పోతాడు. అప్పుడు బీడుకు మక్తా ఎవరు కొలుస్తారు?

ఇక ఓటు కోసం ఎవరొచ్చినా ఒక్కటే అడగండి: ‘అయ్యా, రేపు చేను మునిగితే నష్టం ఎవరి పేరున రాస్తారు?’ ఏ పార్టీ అని చూడొద్దు. నీళ్లు నమిలితే మంచినీళ్లిచ్చి పంపేయండి. సూటిగా చెబితే, ఆ మాట నలుగురి ముందు మళ్లీ చెప్పించండి.

గట్టు మీద కూర్చున్న ఆ పెద్దాయన పరిహారం తర్వాత ఆసామి ఖాతాలో పడిందట. ఆయన మంచివాడు, సగం పంపాడట. మంచివాడు కాబట్టి పంపాడు. కష్టపడ్డవాడి డబ్బు ఇంకొకరి మంచితనం మీద ఆధారపడే రోజు పోవాలి.