కోర్టు ఖరాబైతదట!

"చక్రాలతోటి కోర్టు ఖరాబైతది సార్. బయట కూసొని చూడుమనుండ్రి."

నిజామాబాద్‌లో ఒక టెన్నిస్ కోర్టు గేటు దగ్గర, మా మేనల్లుడి ముందే నాకు దొరికిన జవాబిది. అన్నది వాచ్‌మన్. అతనితో నాకు తగాదా లేదు, అతనికి ఆ మాట నేర్పిన పెద్దలతోనే ఉంది. మావాడు నోరు మెదపలేదు. చక్రాల కుర్చీని జాలీ దాకా తోసుకుపోయి, రెండు వేళ్లు అందులో తగిలించి, లోపల లేస్తున్న బంతినే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి "పోదాం పా మామా" అన్నాడు.

వాళ్లది బోధన్ దగ్గర ఊరు. చెరుకు లోడు ట్రాలీ బోల్తా పడి మావాడికి నడుం కింద చచ్చుబడింది. ఆ పొద్దున బస్సు మెట్లెక్కించడానికి ఇద్దరం మోశాం, కుర్చీ మడిచి సీటు సందున ఇరికించాం. ఇంతా చేసి వచ్చింది జాలీ పట్టుకుని చూడ్డానికా?

ఖరాబైతదట! ఏటా పారిస్‌లో రోలాండ్ గారోస్ ఎర్రమట్టి మీద ఆ చక్రాలు తిరుగుతున్నాయి. వింబుల్డన్ పచ్చిక మీద 2016 నుంచి కుర్చీ సింగిల్స్ కూడా జరుగుతున్నాయి. ఆ గడ్డికి రాని ముప్పు మన సిమెంటుకు వచ్చిందా?

చక్రాల కుర్చీ టెన్నిస్ అంటే ఏదో జాలిపడి కల్పించిన కాలక్షేపం అనుకునేవాళ్ల కోసం చెబుతున్నా. స్కీయింగ్‌లో పడి కాళ్లు చచ్చుబడ్డ బ్రాడ్ పార్క్స్ అనే అమెరికా కుర్రాడు 1976లో మొదలుపెట్టిన ఆట ఇది. 1992 బార్సిలోనా పారాలింపిక్స్ నుంచి పతకాలిస్తున్నారు. కోర్టు అదే, నెట్టు అదే, బంతి అదే. ఇచ్చిన వెసులుబాటల్లా రెండో టప్పా, అంటే బంతి నేలకు రెండుసార్లు తగిలి లేచాక కూడా కొట్టొచ్చు. మొదటి టప్పా గీతల లోపలే పడాలి, రెండోది బయట పడ్డా ఫరవాలేదు. మిగతాదంతా కఠినమే. కుర్చీ ఒంట్లో భాగం కిందే లెక్క, బంతి చక్రానికి తగిలినా పాయింటు పోతుంది. కొట్టేటప్పుడు సీటు మీంచి లేవకూడదు, కాలు నేలకానించి ఆపుకోకూడదు. రాకెట్ పట్టిన చేత్తోనే చక్రం తొయ్యాలి. కుర్చీ పక్కకు జరగదు కాబట్టి కొట్టిన మరుక్షణం తిరుగుతూనే ఉండాలి, ఆగితే బంతి అందదు. చేతుల్లో కూడా పట్టు తప్పినవాళ్లకు 2004 ఏథెన్స్ నుంచి క్వాడ్ విభాగం ఉంది. వాళ్లలో కొందరు రాకెట్‌ను చేతికి టేపుతో చుట్టుకుని ఆడతారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఎస్తర్ వర్గీర్ 2003 నుంచి 2013లో రిటైరయ్యేదాకా వరుసగా 470 సింగిల్స్ మ్యాచ్‌లు ఓడలేదు. ఇది కాలక్షేపమా?

నడిచేవాడితోనూ కుర్చీవాడు ఆడొచ్చు. వాడికి ఒక టప్పా, వీడికి రెండు. కాబట్టి మాకు కొత్త స్టేడియం వద్దు. ఉన్న కోర్టులోనే సాయంత్రం ఒక గంట, గేటు ముందు మెట్టు మీద రెండు బస్తాల సిమెంటుతో వాలు. ఇంతే అడిగాం. దీనికి కూడా "నిధులు లేవు" అన్నారు.

ఖర్చయ్యేది కుర్చీకి. కింద ఎడంగా వాలిన చక్రాలు, వెనక్కి పడకుండా వెనకాల చిన్న చక్రం ఉండే ఆట కుర్చీ వేరు. క్యాంపులో వరసగా నిలబెట్టి ఫొటో దిగి పంచే కుర్చీ మొదటి మలుపులోనే ఒరిగిపోతుంది. మంచి ఆట కుర్చీ ధర లక్షల్లో మాట. మావాడికి నెలకొచ్చే పింఛను 4,016 రూపాయలు. లెక్క మీరే కట్టండి.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం క్రీడల్లో భాగం కల్పించమని 30వ సెక్షన్‌లో రాసిపెట్టింది. ఉన్న ప్రభుత్వ భవనాలను అందరికీ అందుబాటులోకి తేవడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే తీరిపోయింది. ఇవి ఇష్టముంటే పాటించే సలహాలు కావని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ఢిల్లీ నుంచి బయల్దేరిన ఆ మాట కూడా మన మెట్టు ఎక్కలేక కిందే కూర్చున్నట్టుంది.

మనకు ఆటలంటే ప్రేమ లేదా? ఎందుకు లేదు! 2022లో మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ప్రపంచ బాక్సింగ్ స్వర్ణం గెలిస్తే "మా ఇందూరు బిడ్డ" అని ఛాతీ విరుచుకున్నాం. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి కంచు తెస్తే ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. ఇవ్వాల్సిందే, తక్కువే. కానీ పతకంతో వచ్చినవాళ్లకు శాలువా కప్పే చేతులు, పతకం కోసం బయల్దేరినవాడికి గేటు తీయవేం? డిసెంబర్ 3న మాత్రం వికలాంగుల దినోత్సవమని మైకు కట్టి, మ్యూజికల్ చైర్స్ ఆడించి, మిక్చర్ పొట్లం చేతిలో పెట్టి పంపేస్తారు. కాళ్లు లేనివాడికి మ్యూజికల్ చైర్స్! ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది?

మూసిన గేట్లు బోధన్ వాళ్లకు కొత్త కాదు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న అక్కడి నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అప్పట్నుంచి "తెరిపిస్తాం" అన్న మాట వింటూనే ఉన్నాం. ఆ గేటు తీయాలంటే కోట్లు కావాలి. ఈ కోర్టు గేటుకు గొళ్లెం తీస్తే చాలు.

మొన్న ఊరికి పోతే మావాడు కల్లంలో, గోడకేసి బంతి కొడుతున్నాడు. చక్రం మట్టిలో దిగబడుతోంది. తిరిగి అందుకునేలోపే బంతి నేలకతుక్కుపోతోంది. నన్ను చూసి నవ్వి అన్నాడు:

"మట్టిల రెండో టప్పా లేస్తలేదు మామా."