కళాశాల వెబ్‌సైటు తాళంచెవి

కళాశాల ఆవరణలోని నోటీసు బోర్డుకు గాజు తలుపులు, వాటికొక తాళం ఉంటాయి. పరీక్ష రుసుము గడువు మారితే అటెండరు తాళం తీసి, పాత కాగితం తొలగించి కొత్తది అంటిస్తాడు. ఐదు నిమిషాల పని. అదే గడువు వెబ్‌సైటులో మారడానికి అనేక కళాశాలల్లో వారాలు పడుతున్నది. దూరపు పల్లెలోని విద్యార్థికి బోర్డు కనబడదు, వెబ్‌సైటే కనబడుతుంది. అందులోని పాత తేదీని నమ్మి, కూలి పని మానుకొని కళాశాలకు వచ్చిన తండ్రి ఆనాటి సంపాదనను కోల్పోతాడు.

ఒకప్పుడు ఈ జాప్యానికి సాంకేతిక కారణం ఉండేది. ప్రతి పుటనూ హెచ్‌టీఎంఎల్ సంకేతాలతో రాయవలసి రావడంచేత, ఒక్క అక్షరం దిద్దాలన్నా ఆ విద్య తెలిసినవారే దిక్కు. విషయ నిర్వహణ వ్యవస్థలు ఆ ఇబ్బందిని తొలగించాయి. 2001లో ద్రుపల్, 2003లో వర్డ్‌ప్రెస్, 2005లో జూమ్లా వెలువడ్డాయి. మూడూ ఉచితంగా లభించేవే. జూమ్లా అనే పేరుకు మూలం స్వాహిలీ భాషలో ‘అంతా కలిపి’ అనే అర్థమిచ్చే మాట. పాత లెక్కల్లో ‘జుమ్లా’ అని చదివిన తెలుగువారికి అది పరాయిదిగా తోచదు. ఈ వ్యవస్థల్లో పుట రూపం ముందే ఏర్పరచిన మూసలో, విషయం డేటాబేసులో వేరువేరుగా ఉంటాయి. అధ్యాపకుడు ఉత్తరం టైపు చేసినట్లే తేదీని దిద్ది, ప్రచురించే మీట నొక్కితే చాలు.

అయినా చాలా కళాశాలలు పాస్‌వర్డును బయటి సంస్థ చేతిలోనే వదలివేస్తున్నాయి. ఎవరైనా తప్పు రాస్తే బాధ్యులెవరన్నది ప్రిన్సిపాళ్ల సందేహం. న్యాయమైన సందేహమే. వర్డ్‌ప్రెస్‌లో ‘కంట్రిబ్యూటర్’ రాయగలడు గాని ప్రచురించలేడు. ‘ఎడిటర్’ పరిశీలించి ప్రచురిస్తాడు. ఎవరు ఎప్పుడు మార్చారో నమోదవుతుంది. పొరపాటు జరిగితే వెనుకటి ప్రతిని తిరిగి తెచ్చుకోవచ్చు. కాగితపు నోటీసుకు ఇంతటి రక్షణ ఎన్నడూ లేదు. ఒకే పాస్‌వర్డును పదిమంది పంచుకుంటే మాత్రం ఈ ఏర్పాటంతా వృథా.

ఎడిటర్ బాధ్యత కంప్యూటర్ శాఖదే అనుకోవడం మరొక పొరపాటు. వెబ్‌సైటులో నిత్యం మారేది విషయం, దానిని మోసే భాష. ఆ పని తెలుగు శాఖకు అప్పగించడమే సమంజసం. 1991 నాటి యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగు లిపికి చోటు దక్కింది. అయినా డీటీపీ కేంద్రంలో అను ఖతులతో టైపు చేయించిన నోటీసును యథాతథంగా అతికిస్తారు; అది తెరపై అర్థంలేని రోమను అక్షరాలుగా మారుతుంది. విసిగి, కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మగా పెడతారు. ఆ బొమ్మను తెరపై పాఠం చదివి వినిపించే సాఫ్ట్‌వేరు సరిగా చదవలేదు. అంధ విద్యార్థికి ఆ నోటీసు లేనట్లే. పది వాక్యాలు యూనికోడ్‌లో టైపు చేయడం అంత కష్టమా?

ప్రభుత్వ కళాశాలల విషయంలో ఇది కేవలం సౌకర్యానికి సంబంధించినది కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను, ప్రజాధికార సంస్థలు నిర్ణీత వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలనీ, ఏటా సవరించాలనీ చెబుతున్నది. అలా ప్రకటించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలని కూడా అందులోనే ఉన్నది.

ద్వితీయ సంవత్సర విద్యార్థులకు కంట్రిబ్యూటర్ హోదా ఇవ్వడానికి సంకోచించనక్కరలేదు. గ్రంథాలయానికి వచ్చిన కొత్త పుస్తకాల జాబితా, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాల నివేదికలు వారిచేత రాయించి, తెలుగు అధ్యాపకుడు దిద్ది ప్రచురించవచ్చు. రుసుములు, గడువుల ప్రకటనలు మాత్రం ప్రిన్సిపాలు అనుమతితోనే వెలువడాలి.