ఆగరాని దారిలో కునికిపాటు

అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జిర్కటాంగ్ అనే చోట ఒక పోలీసు చెక్‌పోస్టు ఉన్నది. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు అది సుమారు 50 కిలోమీటర్ల దూరం. అక్కడినుండి మిడిల్ స్ట్రెయిట్ రేవు వరకు దారి జరవా తెగవారి అరణ్యం గుండా పోతుంది. వాహనాలు నిర్ణీత వేళలకు, పోలీసు రక్షణలో, బారులు తీరి కదలాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ముందున్న బండిని దాటరాదు. మధ్యలో ఆగనే రాదు.

జరవాల క్షేమం కోసం పుట్టిన నిబంధనలివి. (ఈ భాగాన్ని మూసివేయవలసిందని 2002లో సుప్రీంకోర్టే ఆదేశించింది!) కాని వీటివల్ల కలిగే మరొక ఫలితాన్ని ఎవరూ లెక్కించినట్లు లేదు. చాలాకాలంగా తొలి బారు ఉదయం 6 గంటలకే కదులుతున్నది. బారాటాంగ్ సున్నపురాతి గుహలు చూడబోయే యాత్రికులను ఆ వేళకు అందించాలంటే టాక్సీ డ్రైవరు తెల్లవారుజామున 3 గంటలకే లేవాలి. మధ్యాహ్నపు బారులో వారిని తిరిగి తేవాలి. మనిషికి నిద్ర ముంచుకొని వచ్చే వేళలు రెండంటారు శాస్త్రజ్ఞులు: తెల్లవారేముందు ఒకటి, మధ్యాహ్న భోజనానంతరం మరొకటి. ఈ ప్రయాణం ఆ రెంటినీ వదలదు. 40 కిలోమీటర్ల వేగం ఏపాటిది అనిపించవచ్చు. ఆ వేగంలోనే 4 సెకన్లు కన్ను మూతపడితే బండి 44 మీటర్లు దిక్కులేకుండా పోతుంది.

అట్టి డ్రైవరుకు చట్టం విధించే శిక్ష ఏమిటి? తాగి నడిపితే మొదటిసారే 6 నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని. నిద్రమత్తుకు ప్రత్యేకమైన శిక్ష లేదు. తన వ్యాధి, అశక్తత ప్రజలకు అపాయకరమని తెలిసీ నడిపినవానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం 186వ సెక్షను మొదట 200 రూపాయల జరిమానా పెట్టింది. 2019 సవరణతో అది 1,000 అయింది. అలసటను అశక్తతగా రుజువు చేయడం ప్రాసిక్యూటరు భాగ్యం! 17 గంటలు మేలుకొన్నవాని తడబాటు, రక్తంలో 0.05 శాతం మద్యమున్నవాని తడబాటుతో సమానమని 1997లోనే ఆస్ట్రేలియాలో తేలింది. మన చట్టం పెట్టిన హద్దు 0.03 మాత్రమే. ఇక ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద 5 ఏండ్ల వరకు జైలు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఒక అడుగు ముందుకు వేసింది. 24 గంటలు నిద్రలేకుండా నడిపి ఒకరి మరణానికి కారకుడైతే 10 ఏండ్ల వరకు జైలు విధించేలా 2003లో చట్టం చేసింది. 1997లో ఒక విద్యార్థిని మరణానికి కారకుడైన డ్రైవరు 200 డాలర్ల జరిమానాతో బయటపడడమే దానికి ప్రేరణ.

అసలు నిద్రలో ఉన్నవాడు నేరమెట్లా చేస్తాడు? ఈ చిక్కు 1945లో ఇంగ్లండులో తేలింది. రాత్రంతా కర్మాగారంలో పనిచేసి కారులో ఇంటికి పోతున్న ఒకడు కునికి, దారిన నడచిపోతున్న సైనికులమీదికి బండి పోనిచ్చాడు. మేజిస్ట్రేట్లు విడిచిపెట్టారు. పై కోర్టు ఒప్పుకోలేదు. నిద్ర వస్తున్నదని తెలిసినప్పుడే బండి ఆపవలసింది, ఆపకపోవడమే నేరమన్నది.

న్యాయమైన మాటే. కాని జిర్కటాంగ్ దాటిన డ్రైవరుకు ఆ మాట ఎట్లా వర్తిస్తుంది? ఆపకపోతే ఒక చట్టం, ఆపితే మరొక నిబంధన! కనుక అతని బాధ్యతను అడవి మధ్య కాక, గేటు ముందే వెదకాలి. అతనిని ఆ వేళకు బయలుదేరదీసినవారి బాధ్యత కూడ అక్కడే ఉన్నది. రోజుకు 8 గంటల పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పినా, ఐదుగురికి తక్కువ పనివారున్న సంస్థలకు అది వర్తించలేదు. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. సొంత టాక్సీ తానే నడుపుకొనేవాని నిద్రను లెక్కచూసేవారు మాత్రం నేటికీ లేరు.

చెక్‌పోస్టులో ప్రయాణికుల వివరాలన్నీ పత్రం మీద రాయించుకొంటారు. బారు కదిలేలోగా నిరీక్షణ ఎట్లాగూ తప్పదు. డ్రైవరు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడని ఆ పత్రంలో ఒక గడి చేర్చడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు.