షక్కా, సవాలా?

మొన్న ఇత్వార్ నాడు మా భాంజీ మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. కేపీహెచ్‌బీలో హాస్టల్, హైటెక్ సిటీలో కొలువు. అమెరికా క్లయింట్‌తో మీటింగ్‌లో "ఐ హ్యావ్ ఎ డౌట్ ఇన్ యువర్ డిజైన్" అందట. అవతలాయన గొంతు మారిపోయిందట. తర్వాత మేనేజర్ మందలించాడు. "నా ఖుసూర్ ఏంటి మామూ? తెలియనిది అడిగాను, అంతే కదా!" అంది.

ఖుసూర్ లేదు, లఫ్జ్ తప్పింది. మనం క్లాసులో చెయ్యెత్తి "సార్, డౌట్" అంటాం. కూకట్‌పల్లి జేఎన్‌టీయూలోనూ అంతే, బయట చాయ్ దగ్గరా అంతే. మనకు డౌట్ అంటే సవాల్. ఇంగ్లిష్‌వాడికి డౌట్ అంటే షక్. నీ పని మీద నాకు షక్ ఉందని ఏ మేస్త్రీతోనైనా అని చూడండి, తాపీ అక్కడే పడేసి పోతాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకి షక్ వేరు, సవాల్ వేరు అని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంగ్లిష్‌లోకి పోగానే మర్చిపోయింది.

దీన్ని ఉర్దూ మీడియం ఖాతాలో రాసేవాళ్లున్నారు. నేను అందులోనే చదివాను, ఒప్పుకోను. కాన్వెంట్ పిల్లలూ ఇదే అంటారు. అలాగని మన ఇంగ్లిష్ మొత్తం గలత్ అనీ అనను. "ప్రీపోన్" మతలబ్ సాఫ్‌గా ఉంది, ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకీ ఎక్కింది. ఉండనివ్వండి. "రివర్ట్" మాత్రం నాకు నవ్వు తెప్పిస్తుంది. ఆఫీసులో దానికి జవాబివ్వడం అని అర్థం, మన మస్జిద్‌లో రివర్ట్ అంటే కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవారు. ఒక హిందూ దోస్త్ "ఐ విల్ రివర్ట్ బై ఫ్రైడే" అని మెయిల్ పెడితే, జుమాకి కలిమా చదువుతాడా ఏంటి అనుకున్నా!

నాకు ఫికర్ "ట్రై"తోనే. పని ఎప్పటికవుతుందంటే మా పిల్ల మనసులో "రేపు, ఇన్షా అల్లాహ్" అనుకుని, "ఐ విల్ ట్రై" అని రాస్తుంది. రేపటి పని చెప్పేటప్పుడు ఇన్షా అల్లాహ్ అనమని సూరా కహఫ్‌లో ఉంది. అది పక్కా ఇరాదాతో అనాల్సిన మాట. మనమేమో దావత్‌కి రానని చెప్పడానికి వాడేస్తున్నాం. ఆ ఆదతే ఇంగ్లిష్‌లో "ట్రై" అయింది. అవతలివాడు దాన్ని అవుననుకోవాలా, కాదనుకోవాలా? అవుతుందంటే రేపు ఐదింటికి పంపుతానని రాయాలి, ఇన్షా అల్లాహ్ దిల్‌లో ఉండనే ఉంటుంది. కాదంటే ఎప్పటికో రాయాలి.

భాంజీ ల్యాప్‌టాప్ తెరిచింది. మీ డిజైన్ మీద నమ్మకం లేక కాదు, ఒక ప్రశ్న ఉండి అడిగాను అని క్లయింట్‌కి రెండు వాక్యాలు రాసి చూపించింది. "పంపించనా మామూ?"

"ఆ ప్రశ్న ఏంటో రాయలేదు బేటా."

నాలుక కరుచుకుని మళ్లీ కూర్చుంది.