రైతు సంఘములు ఏల లేచెను, ఏల సన్నగిల్లెను?

రైతులలో ఐకమత్యము లేదనుట మనవారికి పరిపాటి. చరిత్ర చూచినచో ఈ మాట నిలువదు.

1920ల చివర కృష్ణా, గోదావరి డెల్టాలలో శిస్తును రూపాయికి మూడణాల వంతున హెచ్చింప తలపెట్టగా ఊరూర సభలు జరిగెను. 1928లో ఆచార్య రంగాగారు మున్నగువారు ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘమును నెలకొల్పిరి. 1929 తరువాత ధాన్యము ధర పడిపోయినది. శిస్తు మాత్రము తగ్గలేదు. జమీను గ్రామములలో బాధ మరింత హెచ్చు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడగా, స్వామి సహజానంద అధ్యక్షులు, రంగాగారు కార్యదర్శి అయిరి. ప్రకాశం పంతులుగారి సంఘము 1938లో నివేదిక నిచ్చుచు, భూమికి హక్కుదారు రైతేగాని జమీందారు కాడని తేల్చినది. తుదకు 1948 చట్టము జమీందారీలను రద్దుచేసెను.

గెలిచిన పిమ్మట సంఘము బలపడవలెను గదా! అట్లు జరుగలేదు. నాయకులు రాజకీయ పక్షములుగా చీలిరి. అంతకంటె ముఖ్యమైన కారణము వేరొకటి కలదు. జమీందారు ఎదుట నున్నంత కాలము భూమిగల రైతు, కౌలుదారు, కూలి ఒకే పందిరి క్రింద నిలిచిరి. అతడు తొలగగానే పట్టా పొందినవాడు తృప్తిపడెను; పట్టా లేనివాడు వెలుపలనే మిగిలెను. 1973 భూపరిమితి చట్టము వచ్చునప్పటికి భూమిని బంధువుల పేర పంచివ్రాసినవారు పెక్కుమంది. వారినడుగు సంఘము ఊరిలో లేకపోయెను.

నేటికిని ఆ లోపము తీరలేదు. పంట వేయునది కౌలుదారు; పేరుండునది యజమానిది. తుపానుకు చేను పడిపోయినప్పుడు నష్టపరిహారము ఎవరికి చేరునో పాఠకులెరుగుదురు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేసిన చట్టము సాగుదారునకు పత్రమిచ్చుటకు యజమాని సంతకమును కోరినది. భూమి పోవునేమో యను భయముతో సంతకమునకు వెనుదీయువారే హెచ్చు. పదకొండు నెలల కౌలు పత్రము వలన భూమిపై హక్కు పోదని యజమానికి నచ్చచెప్పవలసినవారెవరు? ఊరి సంఘమే.

గ్రామాధికారులకు ఒక మనవి. అడంగలులో సాగుదారు గడి యున్నది. చేను వద్దకు పోయి, దున్నినవాని పేరునే అందు వ్రాయుడు. రైతు సోదరులకు ఒక మనవి. మీ సంఘములో కౌలుదారునకు చోటీయుడు. అతనిని విడిచిన సంఘము సగము పొలమునకు కట్టిన గట్టు వంటిది, నీరు నిలువదు.